తాత పడుకున్నాడు, హారన్ కొట్టొద్దు

లమై ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మర్నాడు తెల్లవారుతూనే లేచి, వాకిట్లో బొగ్గుల పొయ్యి రాజేసి, జిగురు బియ్యాన్ని వెదురు బుట్టలో ఆవిరికి పెట్టింది. ఉడికిన అన్నాన్ని పళ్ళెంలోకి దించబోతుండగా, కొండ మీంచి దిగుతున్న క్యాబేజీ లారీ ఒకటి మలుపు తిరుగుతూ, సరిగ్గా ఆమె చెవిలో ఊదినట్టు, మూడుసార్లు హారన్ కొట్టింది. లమై కెవ్వుమని లేచి నిలబడింది. బుట్ట చేజారి అన్నమంతా మట్టిపాలైంది. కొత్త కోడలు ఏడవలేక నిలబడితే, అత్తగారు పెంగ్ మెట్ల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది.

“వాడు పలకరించింది నిన్ను కాదే పిల్లా, తాతను. మధ్యలో నువ్వెందుకు లేచావు?”

తాత అంటే కొండ తాత. ఆ ఇంటికి పాతిక అడుగుల దూరంలో, రోడ్డు వారగా, రాతి బండను ఆనుకుని ఒంటి స్తంభం మీద ఆయన గుడి ఉంది. గుడి అంటే పెద్దదేమీ కాదు, పావురాల గూడంత. ఎర్ర కప్పు, పసుపు గోడలు, లోపల గడ్డం ముసలాయన బొమ్మ. ఆయన ఎప్పటివాడో, ఎవరి తాతో హువాయ్ సాయ్ ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. ఫెచ్చబూన్ కొండల్లో ఆ కొండకు, ఆ మలుపుకు ఆయన పెద్ద. అంతవరకే తెలుసు. లోమ్‌సక్ సంతకు పోయే క్యాబేజీ లారీలు, చెరుకు లోడుతో ఊగిపోయే పదిచక్రాల బళ్ళు, నారింజ రంగు బస్సులు, జనాన్ని వెనక బల్లల మీద ఎదురెదురుగా కూర్చోబెట్టుకునే చిన్న ట్రక్కులు, పొగమంచు చూడ్డానికి బ్యాంకాక్ నుంచి వచ్చే వ్యాన్లు, ఏదైనా సరే ఆ మలుపులో మూడు హారన్లు కొట్టి దాటాల్సిందే. ఒకటి తాతకు, ఒకటి కొండకు. మూడోది ఎందుకని అడిగితే డ్రైవర్లు తల గోక్కునేవారు.

ఇల్లు దగ్గర కాబట్టి తాత పనులన్నీ లమై నెత్తిన పడ్డాయి. ఎవరూ అప్పగించలేదు, ఎవరూ అడగలేదు. వాడిపోయిన దండలు తీసేది ఆమే, అగరుబత్తుల బూడిద ఊడ్చేది ఆమే. తాతకు ఎర్ర సోడా ఇష్టమని ఎవరు కనిపెట్టారో గానీ, మూత తీసి, పీల్చుకునే గొట్టం వేసి మరీ సీసాలు పెట్టిపోతారు. వాటికి పట్టే చీమల్ని దులిపేదీ ఆమే. మొక్కు తీరినవాళ్ళు సిమెంటు కోళ్ళు, సిమెంటు ఏనుగులు తెచ్చేవారు. అన్నిటికంటే ఎక్కువగా తెచ్చేవి చారల గుర్రాలు. పట్నంలో రోడ్డు మీద తెలుపు నలుపు చారలున్న చోట మనిషి క్షేమంగా దాటతాడు కాబట్టి, చారల గుర్రాన్నిస్తే తాత మలుపు క్షేమంగా దాటిస్తాడని ఎవడో మొదలుపెట్టాడు. అవి ఇప్పుడు మలుపు పొడుగునా రెండు వరుసల్లో నూటికి పైగా నిలబడి ఉన్నాయి. ఏటా ఏప్రిల్‌లో నీళ్ళ పండగ ముందు లమై కొబ్బరి పీచు పట్టుకుని వాటన్నిటినీ తోముతుంది. చెవులు విరిగినవాటిని వెనక్కి జరిపి, కొత్తవాటిని ముందుకు తెస్తుంది.

“మీరూ ఊరి పెద్దమనుషుల్లాంటి వాళ్ళే. అందరికీ ముందు వరసే కావాలి,” అని వాటిని తిడుతూనే తోముతుంది.

పెళ్ళయిన నెలకు ఆమెకు హారన్లు వినిపించడం మానేశాయి. అంటే చెవిన పడేవి గానీ మనసుకు ఎక్కేవి కావు, గోడ గడియారం చప్పుడు లాగా. మొగుడు బున్‌మా రోడ్డు వారన రేకుల పందిరి వేసి ఇచ్చాడు. అందులో ఆమె తీపి చింతకాయలు, బొగ్గుల మీద కాల్చిన అరటిపళ్ళు అమ్మేది. బున్‌మా మంచివాడే, కాస్త తాగుడెక్కువ. ఏడేళ్ళ కిందట కాలేయం చెడి పోయాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో మిగిలింది అత్తాకోడళ్ళే. కూతురు విపా రయాంగ్‌లో ఫ్యాక్టరీలో పనిచేస్తూ అక్కడే పెళ్ళి చేసుకుంది.

మూడేళ్ళ కిందట అత్తగారికి ఎనభై మూడేళ్ళు. ఊరంతా పెంగ్ అవ్వ అంటారు. పదేళ్ళుగా ఆమె చెవులు మెల్లమెల్లగా మూసుకుపోయాయి. మొదట కోడలి మాట పోయింది, తర్వాత కోడి కూత, ఆ తర్వాత బౌద్ధ మఠం గంట. చివరికి మిగిలింది లారీ హారన్ ఒక్కటే. పొద్దున్నే ఆమె పందిరి పక్కన వెదురు మంచం మీద తమలపాకుల పళ్ళెం ముందేసుకుని కూర్చునేది. లారీ హారన్ మోగడం ఆలస్యం, ఎండిన కుడిచెయ్యి పైకి లేచేది.

“సరే నాయనా, మెల్లగా పో.”

బస్సొచ్చినా అదే మాట. వ్యానొచ్చినా అదే. డ్రైవర్లు తాతకు కొట్టిన హారన్‌కు అవ్వ జవాబు చెప్పేది. కొత్తవాళ్ళు నవ్వుకునేవారు. పాతవాళ్ళకు ఆ చెయ్యి లేవకపోతే ఏదో లోటుగా ఉండేది. క్యాబేజీ లారీ నడిపే థవిన్ అయితే, అవ్వ తల వంచుకుని ఆకు చుట్టుకుంటూ ఉంటే ఆమె చెయ్యి లేచేదాకా ఇంకో రెండు కొట్టేవాడు.

“ఒరే, మూడు చాలవురా నీకు? తాతకేమైనా చెముడా?” అని లమై అరిచేది.

“తాతకు మూడు, మా ప్రియురాలికి రెండు పెద్దమ్మా!” అని వాడు కిటికీలోంచి అరిచి పోయేవాడు.

ఇలా సాగిపోతుండగా, మొన్నటికి మూడేళ్ళ కిందటి ఎండాకాలంలో విపా పురిటికి పుట్టింటికి వచ్చింది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు కలిగిన బిడ్డ. ఆడపిల్ల. తెల్లగా, బొద్దుగా ఉందని నమ్‌తాన్ అని పిలిచారు. అంటే పంచదార. పెంగ్ అవ్వ పాత పద్ధతిలో మనవరాలు విపా మంచం కింద కుంపటి పెట్టించి, వేడినీళ్ళు తాగించి, మిరియాల పులుసు తినిపించి పథ్యం చేయించింది. అంతా బాగానే ఉంది. పంచదారకే నిద్ర లేదు.

పిల్ల కన్ను మూతపడిందో లేదో, పాం పాం పాం అని హారన్. పిల్ల రెండు చేతులూ గాలిలోకి విసిరి, మొహం కందగడ్డలా చేసుకుని గుక్కపెట్టేది. సముదాయించి, జోకొట్టి, మళ్ళీ పడుకోబెట్టేసరికి ఇంకో లారీ. క్యాబేజీ కోతల కాలం. తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా కొండ మీంచి లారీల వరస తెగేది కాదు. ఇరవై రోజులకు విపా కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం ఆమె పిల్లను ఒళ్ళో పెట్టుకుని, పిల్లతోపాటు తనూ ఏడుస్తూ కూర్చుంది.

“అమ్మా, నేను వెళ్ళిపోతాను. ఫ్యాక్టరీ పక్కన ఇరుకు గదే నయం. అక్కడ యంత్రాలైనా ఒక్క తీరుగా మోగుతాయి.”

“నెల కూడా నిండని పిల్లను పట్టుకుని ఎక్కడికి పోతావే? కాస్త ఓర్చుకో.”

“నేను ఓర్చుకుంటాను. ఇది ఓర్చుకోవద్దూ?”

లమై లేచి కిటికీకి పరుపు అడ్డం పెట్టింది. పిల్ల చెవుల్లో దూది పెట్టబోతే విపా ఒప్పుకోలేదు. పందిరి దగ్గర ఆగిన ప్రతి డ్రైవర్‌నూ బతిమాలింది. వాళ్ళంతా మర్యాదగా విన్నారు, చింతకాయలు కొన్నారు, బండెక్కారు, పాం పాం పాం అని కొట్టి వెళ్ళారు.

“నా చేతుల్లో ఏముంది పెద్దమ్మా,” అన్నాడు థవిన్. “ఒక్కసారి కొట్టకుండా పోయానంటే లోమ్‌సక్ చేరేదాకా నా గుండె నా దగ్గరుండదు. కావాలంటే నువ్వే తాతను అడుగు. ఆయన వద్దంటే మానేస్తాం.”

వాడు వేళాకోళానికి అన్నాడు. లమై నిజంగానే అడిగింది. సాయంత్రం స్నానం చేసి, తొమ్మిది అగరుబత్తులు వెలిగించి, ఉడికించిన గుడ్లు, ఒక కొత్త ఎర్ర సోడా పెట్టి గుడి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

“తాతా, ముప్పై ఆరేళ్ళుగా నీ వాకిలి ఊడుస్తున్నాను. ఏనాడైనా ఏదైనా అడిగానా? ఒక్క మూడు నెలలు. పిల్ల కాస్త ఎదిగేదాకా. నీకూ ఈ మోత చిరాకే కదా. ఇష్టం లేకపోతే ఇప్పుడే ఏదో ఒకటి చెప్పెయ్.”

తాత ఏమీ అనలేదు. అగరుబత్తులు తొమ్మిదీ చివరంటా కాలాయి. లమై అది అంగీకారమే అనుకుంది.

మర్నాడు పాత రేకు ముక్కల మీద నీలం రంగుతో రాసి, మలుపుకు రెండు వైపులా రెండు బోర్డులు నాటింది. ఆమె చదువు నాలుగో తరగతి. అక్షరాలు మాత్రం గుండ్రంగా, దూరానికి కనపడేట్టు రాసింది. *తాత పడుకున్నాడు. హారన్ కొట్టొద్దు. దణ్ణం పెట్టుకుని వెళ్ళండి.*

మొదటి రోజు డ్రైవర్లకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. కొందరు బండి ఆపి, బోర్డు చదివి, గుడివైపు ఒకసారి తొంగిచూసి, కాలి మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి బండెక్కారు. వారం తిరిగేసరికి సంగతి లోమ్‌సక్ సంత దాకా పాకి, అక్కడ రూపు మార్చుకుని తిరిగొచ్చింది. కొండ తాతకు ఒంట్లో బాగాలేదట. లేవలేకుండా ఉన్నాడట. ఇక జనం రావడం మొదలైంది. సోడాలతో పాటు చిన్న చిన్న దిండ్లు, అరచేతంత చాపలు, తలనొప్పి మందు డబ్బాలు, ముక్కుతో పీల్చే పిప్పరమెంటు గొట్టాలు వచ్చాయి. ఒక లారీ యజమాని భార్య బొమ్మకు సరిపోయేలా దోమతెర కుట్టించి తెచ్చి, గుడికి కట్టి, కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళింది. లాటరీ పిచ్చి ఉన్నవాళ్ళ బాధ ఇంకొకటి, తాత ఏం చేసినా అందులో వాళ్ళకు టికెట్ నంబరే కావాలి.

“పెద్దమ్మా, నిజం చెప్పు. తాత సరిగ్గా ఎన్నింటికి పడుకున్నాడు?”

“నేను చూశానా ఏంటి?”

“సుమారుగా చెప్పు. గంటా నిమిషాలూ చాలు.”

“నువ్వు పోకపోతే ఈ చీపురు ఎన్ని పుల్లలో లెక్కపెట్టిస్తాను.”

“ఎన్ని పుల్లలు?” అని వాడు ఆశగా అడిగాడు.

ఏదైతేనేం, హారన్లు ఆగిపోయాయి. ఇంజన్ల గురగుర, బ్రేకుల నిట్టూర్పు తప్ప ఇంకేమీ లేదు. పంచదార పొద్దున పడుకుంటే మధ్యాహ్నానికి లేచేది. విపా మొహం మళ్ళీ మనిషి మొహమైంది. లమైకి మాత్రం మొదటి రెండు రోజులు ఏదో వెలితిగా, పొయ్యి మీద ఏదో పెట్టి మరిచిపోయినట్టు ఉండేది. తర్వాత అలవాటు పడింది.

అలవాటు పడనిది పెంగ్ అవ్వ ఒక్కతే. ఎప్పటిలాగే మంచం మీద వచ్చి కూర్చునేది. ఆమెకు చూపు ఆనదు, లారీలు పొగమంచులో ఏనుగుల్లా కదిలిపోయేవి. చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయేది. నాలుగో రోజున కోడల్ని పిలిచింది.

“లమై, రోడ్డు మూసేశారా?”

“లేదత్తా, బళ్ళు పోతూనే ఉన్నాయి,” అని లమై చెవి దగ్గర అరిచింది.

అవ్వకు వినపడలేదు. కోడలి పెదాలు కదలడం చూసి ఏదో అర్థం చేసుకున్నట్టు తలూపింది. ఆ సాయంత్రం అన్నం సగంలో వదిలేసింది. మర్నాడు ఆ సగమూ తినలేదు. తమలపాకుల పళ్ళెం పక్కకు నెట్టేసింది. పగలంతా ఆ మంచం మీదే రోడ్డుకు వీపు పెట్టి పడుకుంది. లమై కంగారుపడి నుదురు పట్టుకు చూసింది. జ్వరం లేదు. అవ్వ ఆమె చెయ్యి తీసి పక్కన పెట్టి, మెల్లగా అంది.

“ఆ ఒక్కటీ కూడా పోయిందే. ఇంక నేను కుండలో కూర్చున్నట్టే.”

లమై ఆమె చెవి దగ్గరికి వంగింది. చెవులు పోలేదు, హారన్లే పోయాయి అని చెప్పాలని ఎంత అరిచినా అవ్వకు అందలేదు. బోర్డు చూపిద్దామంటే అవ్వకు అక్షరం రాదు. చేతులతో సైగ చేస్తే, పిల్ల సంగతేదో అనుకుని “పడుకోనీ, పడుకోనీ” అంది. ఇక్కడ పిల్ల నిద్ర, అక్కడ ముసలామె తిండి. లమై మూడు రోజులు రెంటి మధ్యా నలిగింది. విపాతో ఏమీ అనలేదు. అంటే పిల్లను తీసుకుని రయాంగ్ వెళ్ళిపోతుందని భయం.

ఆ వారంలోనే హెడ్ కానిస్టేబుల్ సనిత్ మోటార్ సైకిల్ మీద వచ్చి పందిరి ముందు దిగాడు. బోర్డును రెండుసార్లు చదివాడు. టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు.

“అక్కా, ఇది నువ్వు రాసిందేనా?”

“తాత రాస్తాడా?”

“దణ్ణం పెట్టుకుని వెళ్ళమన్నావు. బాగానే ఉంది. దణ్ణం ఎన్ని చేతులతో పెడతారు?”

“రెండు చేతులతో.”

“స్టీరింగ్ ఎన్ని చేతులతో పట్టుకుంటారు?”

లమై చేతులు జోడించబోయి మధ్యలోనే ఆగింది.

“పొద్దున్నించి ఆ చెట్టు కింద నిలబడి చూశానక్కా. పదిహేడు బళ్ళు పోయాయి. పదహారు మంది ఈ మలుపులో రెండు చేతులూ వదిలేసి, కళ్ళు కూడా మూసుకుని దణ్ణం పెట్టారు. పదిహేడోవాడు సైకిల్ మీద పోతున్నాడు. వాడు కిందపడ్డాడు.”

“మరి ఇప్పుడేం చెయ్యమంటావు?”

“తాత ఎప్పుడు లేస్తాడో కనుక్కో,” అని ఆయన ఒక కాల్చిన అరటిపండు తిని, తొందరగా ఏదో ఒకటి తేల్చమని చెప్పి వెళ్ళాడు. సనిత్ కూడా బోర్డు పీకలేదు. ఆయనకూ పెళ్ళాం పిల్లలూ ఉన్నారు. తాతతో ఎందుకొచ్చిన గొడవ.

తేల్చడానికి లమైకి ఎక్కువ వ్యవధి దొరకలేదు. మర్నాడు పదకొండు గంటల వేళ థవిన్ లారీ నిండా క్యాబేజీలతో కొండ దిగుతున్నాడు. మలుపులోకి వస్తూ, హారన్ మీదకు పోబోయిన చెయ్యిని వెనక్కి తీసుకుని, రెండు చేతులూ జోడించాడు. అదే సమయానికి కింది నుంచి, పక్కన ఐస్‌క్రీం పెట్టె బిగించిన మోటార్ సైకిల్ మీద ఒక ముసలాయన, రోడ్డు మధ్యలో తీరిగ్గా గంట వాయించుకుంటూ వస్తున్నాడు. ఆయనకు లారీ వస్తున్నట్టు తెలియదు. తెలియడానికి హారన్ లేదు. కళ్ళు తెరిచిన థవిన్‌కు ఎదురుగా ఐస్‌క్రీం పెట్టె మీది గొడుగు కనిపించింది.

లమై చూస్తుండగానే లారీ ఒక్కసారి రాతి బండవైపు మళ్ళింది. చారల గుర్రాల వరసను తొక్కుకుంటూ పోయి, పక్క కాలవలో ముందు చక్రం దిగబడి, ఒళ్ళు విరుచుకున్నట్టు మెల్లగా పక్కకు ఒరిగింది. తాళ్ళు పటపటా తెగాయి. నాలుగు టన్నుల క్యాబేజీలు రోడ్డు మీదకు పడి, కొండ వాలున ఒకదాన్నొకటి తరుముకుంటూ దొర్లాయి.

లమై ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. ఐస్‌క్రీం ముసలాయన రోడ్డు మీద చతికిలబడి, చేతిలో గంట పట్టుకుని, ఇంకా వాయిస్తూనే ఉన్నాడు. మోచెయ్యి కాస్త గీరుకుపోయింది, అంతే. థవిన్ కిటికీలోంచి పాకుతూ బయటికొచ్చాడు. నుదుటి మీద నెత్తురు చార.

“పెద్దమ్మా, ముసలాయన...”

“బాగానే ఉన్నాడు. నువ్వు కూర్చో. కూర్చోమన్నానా!” అని లమై అరిచింది. వాణ్ణి కూర్చోబెట్టి, తనూ వాడి పక్కనే రోడ్డు మీద కూలబడింది. భుజం మీది తుండుతో వాడి నుదురు అదిమి పట్టుకుని, “నేనే, నేనే చేశాను, నా చేతులు విరగ్గొట్టాలి,” అని గొణుగుతూ ఉండిపోయింది.

ఈలోగా ఒక క్యాబేజీ దొర్లుకుంటూ వెళ్ళి, పందిరి దాటి, పెంగ్ అవ్వ మంచం కోడుకు తగిలి ఆగింది. రోడ్డుకు వీపు పెట్టి పడుకున్న అవ్వ మంచం కదిలినట్టయి లేచి కూర్చుంది. క్యాబేజీని తడిమింది. కళ్ళు చికిలించి, పక్కకు ఒరిగిన లారీ ఆకారాన్ని చాలాసేపు చూసింది. కోడలు దగ్గరికి రాగానే ఒక్కటే అడిగింది.

“వాడు హారన్ కొట్టాడా, లేదా?”

కొట్టాడు, నీకే వినపడలేదు అని తలూపితే సరిపోయేది. లమై ఆ అబద్ధం ఆడలేకపోయింది. అత్త చెయ్యి పట్టుకుని బోర్డు దగ్గరికి నడిపించింది. రేకు మీద చేత్తో కొట్టి, ఇంట్లో ఉయ్యాల వైపు చూపించి, రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని నిద్ర నటించి, లారీ హారన్ నొక్కినట్టు నటించి, వద్దని చెయ్యి ఊపి, చివరికి తన గుండె మీద తనే కొట్టుకుంది. అవ్వకు అంతా అర్థమైంది. ఆమె మొహంలో ముందు కనిపించింది కోపం కాదు, తేలిక.

“అయితే నా చెవులు పోలేదన్నమాట!”

తర్వాత తిట్టింది. బోర్డు నీడలో నిలబడే, కోడలి భుజం ఆసరాగా పట్టుకునే తిట్టింది.

“వెర్రిదానా, ఈ రోడ్డు వేసేటప్పుడు మీ మామ తట్ట మోశాడు. మొదటి ఏడాదే ఈ మలుపులో నాలుగు బళ్ళు పడ్డాయి. ఇంజనీరు వచ్చి, హారన్ కొట్టండని పెద్ద బోర్డు పెట్టించాడు. చదివినవాడు లేడు. ఎవడో దాన్ని పీక్కుపోయి కోళ్ళగూటికి తలుపు చేసుకున్నాడు. అప్పుడు మీ మామా ఇంకో నలుగురు కూలీలూ కలిసి తాతను తెచ్చి నిలబెట్టారు. బోర్డుకు కొట్టనివాళ్ళు తాతకు కొట్టారు. ఆ తర్వాత ఒక్క బండి పడలేదు.”

లమై నిర్ఘాంతపోయింది. పక్కనే తలకు గుడ్డ కట్టుకుని నిలబడ్డ థవిన్ కూడా విన్నాడు. వాడు భయం భయంగా, అవ్వకు కనపడేలా గుడివైపు వేలు చూపించి, లోపల ఎవరూ లేరా అన్నట్టు ఖాళీ అరచెయ్యి తిప్పాడు.

అవ్వ వాడివైపు తీక్షణంగా చూసింది. “లేకపోతే ఇన్నేళ్ళూ మీ అందరిచేతా ఎవడు కొట్టించాడురా? నేనా?”

బోర్డులు ఆ పూటే దిగాయి. ఊళ్ళోవాళ్ళు తాళ్ళు, ట్రాక్టరు తెచ్చి లారీని లేవనెత్తారు. సనిత్ దారికి అడ్డంగా నిలబడి బళ్ళను ఒక్కొక్కటిగా పంపించాడు. నలిగిన చారల గుర్రాలు ఇరవై మూడు. వాటి ముక్కల్ని లమై ఒక్కొక్కటిగా ఏరి, బండ వెనక పేర్చి, నీళ్ళు చల్లి క్షమాపణ చెప్పుకుంది. దిండ్లు, చాపలు, దోమతెర బౌద్ధ మఠానికి ఇచ్చేసింది. మందు డబ్బాలు మాత్రం తన మోకాళ్ళకు ఉంచుకుంది.

మొదటి హారన్ కొట్టింది నారింజ రంగు బస్సు. పెంగ్ అవ్వ చెయ్యి ఎంత వేగంగా లేచిందంటే, ఒళ్ళో ఉన్న వక్కలు నేలంతా చెల్లాచెదురయ్యాయి. ఆ రోజు ఆమె రెండు పూటల అన్నం ఒక్క పూటలోనే తినేసింది.

ఇక పంచదార సంగతి. హారన్ వినగానే పిల్ల మళ్ళీ గుక్కపెట్టింది. అయితే ఈసారి విపా పెట్టె సర్దుకోలేదు. రోడ్డు మీద చిందిన నెత్తుటి చుక్కల్ని ఆమె కూడా చూసింది.

“నా గోల వల్లే కదమ్మా ఇదంతా. నేనే ఏదో ఒకటి చేసుకుంటాను,” అంది.

ఏదో ఒకటి చేసింది థవిన్. లారీ బాగయ్యేదాకా వాడికి పని లేదు. మరో ఇద్దరు డ్రైవర్లను వెంటేసుకొచ్చి, ఇంటి వెనక వంటసావిడిలో ఒక మూలను గదిగా మార్చాడు. రెండు వరసల వెదురు తడికలు కట్టి, మధ్యలో ఊక దట్టించాడు. పైకప్పు కింద కూడా ఊక బస్తాలు పరిచాడు. నాలుగు రోజుల పని. గది బయటికి ధాన్యపు గాదెలా ఉండేది గానీ, లోపల కూర్చుంటే హారన్ ఎక్కడో అవతలి కొండ మీద మోగినట్టు ఉండేది. డ్రైవర్లంతా ఇంకో మాట కూడా అనుకున్నారు. ఇకనుంచి మలుపులోకి దిగాక మూడు కాదు, మలుపుకు ముందే ఒక్కటి, గట్టిగా, పొడుగ్గా. సనిత్ అదే మంచిదన్నాడు. తాత కూడా కాదనలేదు.

వానలు మొదలయ్యేదాకా పంచదార ఆ గాదెలోనే హాయిగా నిద్రపోయింది. తర్వాత విపా మొగుడు నరోంగ్ వచ్చి తల్లీపిల్లల్ని తీసుకెళ్ళాడు.

ఆ ఎండాకాలం ఊరికి మిగిల్చిపోయింది మరొకటి ఉంది. పగిలిన, నలిగిన క్యాబేజీలు సంతకు పనికిరావని థవిన్ ఊరివాళ్ళను తీసుకోమన్నాడు. వారం రోజులు ఇంటింటా క్యాబేజీ పులుసు, క్యాబేజీ వేపుడు, క్యాబేజీ కూర. కోళ్ళు కూడా మొహం తిప్పేసుకున్నాయి. లమైకి పారేయడానికి మనసొప్పలేదు. మిగిలినవాటిని చీలికలు చేసి, ఉప్పు పట్టించి ఎండలో వాడ్చి, బియ్యం కడిగిన నీళ్ళు పోసి జాడీల్లో ఊరబెట్టింది. నాలుగో రోజుకు పులుపు పట్టింది. పందిరిలో చింతకాయల పక్కన ఒక జాడీ ఊరికే పెట్టింది. ఒక బస్సు డ్రైవరు రుచి చూసి, కండక్టరును పిలిచి రుచి చూపించి, జాడీ ఎత్తుకుపోయాడు.

ఇప్పుడు ఆమె పందిరిలో పన్నెండు జాడీలు ఉన్నాయి, వాటిలోకి క్యాబేజీలు వచ్చేది థవిన్ లారీలోంచే. కాల్చిన అరటిపళ్ళు మానేసింది, పొగకు కళ్ళు మండుతున్నాయి. లోమ్‌సక్‌లో పులుపు క్యాబేజీ లమై అంటేనే గుర్తుపడతారు. పెంగ్ అవ్వకు ఎనభై ఆరు నిండాయి. పళ్ళు లేకపోయినా ఆ పులుపు నీళ్ళు అన్నంలో కలుపుకుంటుంది. థవిన్ వారానికి రెండుసార్లు ఆగి, పందిరి బల్ల మీద మోచేతులానించి సణుగుతాడు. మొన్నా అంతే.

“నా క్యాబేజీలు నాకే అమ్ముతావేం పెద్దమ్మా? కాస్తయినా సిగ్గుండాలి.”

“క్యాబేజీ నీదే. పులుపు నాది. పులుపు వద్దంటే పచ్చిది నమిలి పో.”

“ఉప్పెక్కువైంది ఈసారి.”

“ఎక్కువైతే ఆ చేతిలో రెండో జాడీ ఎందుకు?”

“ఇది మా అమ్మకు. ఆవిడకు ఉప్పెక్కువే ఇష్టం,” అని థవిన్ జాడీని సీటు మీద పెట్టి, దొర్లకుండా తన చొక్కా చుట్టి, లారీ ఎక్కాడు.